దిమ్మెల మిద్దె

"గోడ ఇంకా లావుండాల పాపా," అంది రామాంజినమ్మ.

హిందూపురంలో కూతురు హేమావతి అద్దెకుంటున్న ఇంటి ముందు గదిలో, మనవరాలు వనిత కట్టు కట్టిన కాలిని స్టూలు మీదికి చాపుకుని కూర్చుంది. ఒడిలో లాప్‌టాప్. స్కూటీ మీంచి పడి చీలమండ విరిగి పది రోజులైంది. ఇంకో నెల దాకా ఉద్యోగానికి పోయేది లేదు. ఊరికే కూర్చోలేక, చిన్నప్పుడు ఆడి మానేసిన దిమ్మెల ఆట మళ్ళీ బయటికి తీసింది. ఆ ఆటలో నేల, చెట్లు, గొర్రెలు, ఆఖరికి సూర్యుడు కూడా చదరమే. మట్టి దిమ్మెలు, రాతి దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఏం కావాలంటే అది కట్టుకోవచ్చు.

"ఒక బ్లాకంటే మీటరవ్వా. అంతకంటే లావు గోడ ఎవరు కడతారు?"

"మా నాయన కట్టించినాడు. ఆ గోడల్లో తేళ్ళు సంసారాలు చేస్తాండె."

వనిత నవ్వి, గోడ పక్కన రెండో వరస పేర్చడం మొదలుపెట్టింది. రామాంజినమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. ఒక్కో దిమ్మె పడినప్పుడల్లా 'టక్' మని చిన్న చప్పుడు. నిజం గోడ కట్టేటప్పుడు చప్పుడు అట్లా ఉండదు. అయినా ఆ చప్పుడు ఆమెకు నచ్చింది.

అసలు ఇల్లు ఇప్పుడు లేదు. పెనుకొండ అవతల, ఎర్రమంచికి దగ్గర్లో ఉన్న పల్లెలో ఆమె పుట్టిల్లు అది. పోయిన నెల ఆమె మేనల్లుడు ఆనంద్ జేసీబీ పెట్టి పడగొట్టించాడు. కార్ల ఫ్యాక్టరీలో పని చేసే పిల్లలకు అద్దెకిచ్చేందుకు అక్కడ గదులు కట్టిస్తున్నాడు. మొన్న ఫోన్లో ఫోటో పంపాడు. ఎర్రటి చదును నేల, ఒక మూల రాతి తొట్టి. ఎద్దులకు కుడితి పోసే ఆ తొట్టిని బట్టే అది తమ ఇల్లని రామాంజినమ్మ గుర్తుపట్టింది. ఆ పూట అన్నం తినలేదు. అది చూసే వనిత, "నువ్వు చెప్పు, నేను కడతా," అంది.

"ముందు తొట్టి పెట్టు. ఇంకేదీ మిగల్లా. దాని కాడి నుంచే అంతా కొలవాల."

తొట్టి పెట్టారు. తొట్టికి ఆనుకుని ఈశాన్యం మూల. మూల నుంచి పడమటికి తొమ్మిది దిమ్మెలు, దక్షిణానికి తొమ్మిది దిమ్మెలు. ఉత్తరం గోడ మధ్యలో వాకిలి. ఆ వాకిట్లోంచే రామాంజినమ్మ పెళ్ళికూతురై బయటికి వచ్చింది. తల్లినీ, తండ్రినీ, పోయినేడు తమ్ముణ్ణీ అందులోంచే బయటికి తెచ్చారు. అందుకే ఎవరైనా గడప దాటుతుంటే ఆమెకు గుండె జారుతుంది. హేమావతి పొద్దున స్కూలుకు పోయేటప్పుడు 'వస్తా' అనేదాకా చేతిలోంచి టిఫిన్ డబ్బా వదలదు.

గోడలు నడుమెత్తుకు లేచాయి. ఫోన్ మోగింది. ఫోన్ ఎప్పుడు మోగినా రామాంజినమ్మ చెయ్యి ఎద మీదికి పోతుంది. వనిత చూసి, "ఆనంద్ చిన్నాయనవ్వా," అని స్పీకర్ పెట్టింది.

"అత్తా, బాగుండావా? పాప కాలెట్లుంది? ఒక మాట అడగాల. ఆ పాతర యాడుండాది?"

రామాంజినమ్మ కొంగు అంచును చూపుడు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏం పాతర?"

"అదే అత్తా, మన ఇంటి ముందర గింజల పాతర. ఓబుళేసు జొన్నలు దొంగిలించనీకి దిగి సచ్చిపాయ గదా, అది. పూడ్చకుండా పైన బండేసి మట్టి కప్పినారంట. శుక్రవారం ధర్మవరం నుంచి బోరు లారీ వస్తాండాది. అది ఏనుగు మాదిరుంటాది. తెలీక దాని మీద నిలబెడితే లారీ, మనుషులు అంతా లోపలికే. మా నాయన ఉంటే ఆయన్నడుగుదును. ఇంక తెలిసింది నీకే."

కొంగు వేలికి మూడు చుట్లు తిరిగింది. వేలి కొస తెల్లబడింది.

"వాకిట్లోంచి దిగి నేరుగా పన్నెండడుగులు," అంది. తడుముకోలేదు.

"గట్టిగా చెప్తాండావా?"

"నాకు తెలీదా ఏంది?"

"సరే, అయితే ఆడ తవ్వించి పూడ్చేస్తా. బతికిస్తివి."

ఫోన్ పెట్టాక వనిత తలెత్తింది. "ఎవరవ్వా ఓబుళేసంటే? దొంగతనానికి దిగి చచ్చిపోయినాడా?"

"పాత సంగతులు. నువ్వు కిటికీలు పెట్టు."

"కిటికీలు లేవంటివి కదా పొద్దున."

"ల్యాకపోతే పెట్టొద్దు."

మర్నాడు మిద్దె వేశారు. మిద్దె అంటే పైన ఏముంటుందో వనితకు తెలియదు. కాంక్రీటు పలక లాగా ఒక వరస పరిచేసింది. రామాంజినమ్మ తీయించింది. ముందు దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు, చెయ్యెడు ఎడంతో. దంతెల మీద వెదురు తడిక. తడిక మీద చవుడు మట్టి, వాన నీళ్ళు ఇంకకుండా తొక్కి తొక్కి గట్టిపరచినది. ఆటలో తడిక లేదు. వనిత వెతికి వెతికి ఎండుగడ్డి దిమ్మెలు పరిచింది. చవుడు లేదు. తెల్లటి ఇసుక వేసింది. నడి మిద్దెలో ఒక దిమ్మె తీసేసి కంత పెట్టించింది రామాంజినమ్మ. పడసాలలోకి వెలుతురు వచ్చేది దానిలోంచే. వాన వస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద కుండ బోర్లించాలి.

"కుండ బోర్లించడం మర్చిపోతే?"

"మా నాయన నోరు పడతాండె. ఆ నోటికి అందరం భయపడతాంటిమి."

మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన హేమావతి గుమ్మంలోనే నిలబడి ఇద్దర్నీ చూసింది. "బియ్యం నానబెట్టమని పోతిని. ఇద్దరూ ఇండ్లు కట్టుకుంటాండారా? బాగుండాది. రాత్రికి ఆ ఇంట్లోనే తినండి."

"నీకొక గది ఇస్తాంలే మే," అంది రామాంజినమ్మ.

లోపలి పని వచ్చింది. పడసాల, వంటిల్లు, గింజల గది. ఎద్దులను కట్టే సాల. ఒక్కో మూలా చెప్పేటప్పుడు ఆమె చెయ్యి గాలిలో ఆ మూలను తడిమేది. 

"తూర్పు గోడకు నడుమ గూడు పెట్టు."

"ఎంత గూడు?"

రామాంజినమ్మ లేచి నిలబడి, తల మీద నుంచి ఇంకో మూరెడు పైకి చెయ్యెత్తి చూపించింది.

"అంత ఎత్తా? గూడా, తలుపా అవ్వా అది?"

"గూడే. నీళ్ళ బిందెలు ఒకదాని మీద ఒకటి పెడతాంటిమి."

వనిత గోడలో లోపలి వరస తీసింది. నిలువెత్తు సందు ఏర్పడింది. ఆటలో తన బదులు తిరిగే దిమ్మెల మనిషిని నడిపించి అందులోకి పంపింది. వాడు సరిగ్గా పట్టాడు. గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

"బయటికి తీసకరా వాణ్ణి," అంది రామాంజినమ్మ. "ఆడేం పని."

వనిత వాణ్ణి బయటికి తెచ్చి, ఉత్తరం వాకిలి ముందు నిలబెట్టి, "పాతర తవ్వేదా?" అంది.

"అదేమిటికి?"

"ఇల్లంటే అన్నీ ఉండాలి కదా. పన్నెండడుగులంటివి. ఎవరి అడుగులు? నీవా?"

"నావే. అప్పుడు పదమూడేండ్లు నాకు."

"చిన్నపిల్ల అడుగులు. అయితే మూడు అడుగులకు రెండు బ్లాకులు. ఎనిమిది."

ఎనిమిది దిమ్మెలు లెక్కపెట్టి తవ్వింది. పాతర మూతి మనిషి దిగేంత, కింద కడుపు రెండు బండ్ల జొన్నలు పట్టేంత, లోతు రెండు నిలువులు. చెప్పింది చెప్పినట్టు తవ్వుతూ పోయింది. కింద చీకటి. వనిత దివిటీ ఒకటి తీసి అడుగున గోడకు గుచ్చింది. గుంత పచ్చగా వెలిగింది.

"ఆరిపోదా?" అంది రామాంజినమ్మ.

"ఈ ఆటలో ఏదీ ఆరదవ్వా."

రామాంజినమ్మ తెర మీది నుంచి చూపు తిప్పుకుంది. అంతలో ఆటలో పొద్దు గుంకింది. అక్కడ ఒక పగలు పది నిమిషాలే. చీకట్లో ఎక్కడి నుంచో మూలుగు వినిపించింది. దయ్యాలు వస్తాయి, తలుపేసుకోవాలి అంది వనిత, ఆ మాట ఎప్పుడూ చెప్పేదే కాబట్టి మామూలుగా. 

"తలుపెయ్యి మరి. యాల చూస్తాండావు?" అంది రామాంజినమ్మ. వేసేదాకా ఊరుకోలేదు.

సాయంత్రం ఆనంద్ ఫోన్ చేశాడు. హుషారుగా ఉన్నాడు.

"అత్తా, నువ్వు చెప్పినచోట ఎనిమిదడుగుల లోతు తవ్విస్తి. ఏమీ ల్యా. గట్టి నేల. పార ముట్టిన గుర్తే ల్యా. పాతర ఎప్పుడో పూడుకుపోయింటాది. ఇంక భయంల్యా. బోరు పాయింటు కూడా పెట్టినారు. నీళ్ళు చూసే ఆయప్ప అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని స్థలమంతా తిరిగినాడు. తూర్పు పక్కకు పోతానే టెంకాయ లేచి నిలబడింది. పనోళ్ళ రేకుల షెడ్డు కూడా ఆ పక్కే వేయించినా."

"ఏమీ లేదా?" అంది రామాంజినమ్మ.

"మంచిదే గదా అత్తా. ఏమట్లా అంటావు?"

పాతర దానంతటది పూడుకుపోదు. ఎవరైనా పూడిస్తే తప్ప అట్లాగే ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. వంటింట్లోకి పోయి, నానబెట్టని బియ్యం నానబెట్టింది. నీళ్ళు పొంగి కాళ్ళ మీద పడేదాకా కొళాయి కట్టలేదు.

బుధవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆమే వచ్చి వనిత పక్కన కూర్చుంది.

"పాపా, అది తెరువు. వాకిట్లో నిలబెట్టు వాణ్ణి. పాతర దిక్కు చూపించు."

వనిత నిలబెట్టింది. ఆటలో అప్పుడే తెల్లవారుతోంది. వాకిలి ముందర ఎనిమిది దిమ్మెల దూరంలో పాతర మూతి. ఆకాశం బూడిద రంగు నుంచి ఎర్రబడింది. చదరపు సూర్యుడు కుడి పక్కన, గోడ మూల అవతలి నుంచి కొంచెం కొంచెంగా లేచాడు.

"సూర్యుడు యాడొస్తాండాడు?"

"తూర్పున. కుడి పక్కన. మన వాకిలి ఉత్తరం కదా."

"ఈ ఆటలో సూర్యుడు దావ తప్పుతాడా?"

"తప్పడవ్వా."

రామాంజినమ్మ గ్లాసు నేల మీద పెట్టింది. కుడి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఎదురుగా ఎండ ఉన్నట్టు కళ్ళు చికిలించి చూసింది. ఆ చెయ్యి అట్లాగే ఉంచి మాట్లాడింది.

"మా యమ్మ ఇట్ల పెట్టుకోనుండె. ఇట్ల చెయ్యి పెట్టుకుని వాకిట్లో నిలబడి మమ్మల్ని చూస్తాండె. పొద్దు అప్పుడే మెట్టెక్కింది. ఆమె మొగం నిండా ఎండ. నేను పాతర కాడ కూచోనుంటి. నా వీపు కాలతాండె."

"అయితే?"

"నా వీపు కాలతాండె పాపా. నేను సూర్యుని దిక్కు ఉంటి."

వనిత తెరను చూసింది. ఉత్తరం వాకిట్లో నిలబడి పాతరను చూసే మనిషి ముఖం మీద పొద్దున ఎండ పడదు. ఎంత తిప్పి చూసినా పడదు. ఆ మనిషితో ఇల్లంతా ఒకసారి తిరిగి, పడసాలలోకి వచ్చి, తూర్పు గోడలోని ఆ నిలువెత్తు గూటి ముందు ఆగింది. తర్వాత గూటి వెనక మిగిలిన ఒక్క వరసలోంచి రెండు దిమ్మెలు కొట్టేసింది. చదరపు సూర్యుడు ఎదురుగా నిలబడ్డాడు. పడసాల నేల మీద వెలుతురు పడింది.

"వాకిలి మార్చినారా అవ్వా?"

"మార్చినారు."

"ఎందుకు? తూర్పు వాకిలి మంచిదని అందరూ అంటారు కదా."

"వాస్తు చూసే ఆయన మూయమన్న్యాడు. ఆయనతో అట్ల చెప్పించింది మా నాయనే. మా యమ్మ ఆ వాకిట్లో నిలబడలేకపాయ." కాఫీ చల్లారిపోయింది. "అరవై ఏండ్లు ఉత్తరం వాకిలే. పెండ్లిండ్లు, పురుళ్ళు, సావులు అన్నీ దాంట్లోనే. వాకిలి అంటే అదే అనుకుంటి. నోటికి వచ్చింది చెప్పేస్తి. పన్నెండడుగులు నిజమే. వాకిలే తప్పు."

వనిత తూర్పు సందులోంచి దిమ్మెల మనిషిని బయటికి దింపి నడిపించింది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో దిమ్మె మీద ఆపింది. "ఈడ ఇప్పుడు షెడ్డు ఉంది కదా," అంది.

ఆనంద్ ధర్మవరంలో తన ఇనుప సామాన్ల అంగట్లో ఉన్నాడు. వెనక మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. రామాంజినమ్మ ఫోన్లో చెప్పిందంతా విన్నాడు.

"మొన్నొక మాట, ఈ పొద్దొక మాట. అత్తా, పాప ఆడుకునే బొమ్మలాట చూసి బోరు ఆపమంటావా?" ఎవరో నవ్వారు. వాళ్ళకు వినిపించాలనే అతను గొంతు పెంచాడు. "ఆ లారీ పోతే మళ్ళీ నెల్దాకా దొరకదు. అంత గుర్తుంటే మొన్ననే చెప్పకపోతివా?"

"షెడ్డులో ఎవరుండారు?"

"మేస్త్రీ తిమ్మరాజు, ఇంకో ఆరుమంది. పగలు కృష్ణమ్మ వచ్చి సంగటి చేసిపెట్టి పోతాది."

"ఏ కృష్ణమ్మ?"

"ఇంకే కృష్ణమ్మ? ఓబుళేసు కూతురు. కావాలంటే ఆయమ్మనే అడుగుదాం. దొంగోని కూతురికి గింజలు యాడుండాయో తెలీకుండా ఉంటాదా?"

అంగట్లో మళ్ళీ నవ్వులు. రామాంజినమ్మ ఏదో చెప్పబోయి, ఫోన్ వనిత చేతికిచ్చేసింది. ఆ రోజూ, మర్నాడూ ఆమె ఆట వైపు రాలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. తీసినవి, తీయనివి ఒకే చాటలో కలిపేసింది.

శుక్రవారం తెల్లవారగానే చీర మార్చుకుని సంచీ తీసుకుంది. హేమావతి అడ్డం వచ్చింది.

"ఒక్కదానివే యాడికి? మోకాళ్ళు చూసుకున్నావా?"

"పోయొస్తా."

"ఆనంద్ వినడని చెప్తాండా కదా. పోయి నువ్వేం చేస్తావు?"

"లారీ ముందర కూచుంటా. ముసల్దాన్ని తొక్కించడు కదా."

వనిత తన ఫోన్ ఆమె సంచిలో పెట్టింది. లాప్‌టాప్‌కు వీడియో కాల్ ఎట్లా చెయ్యాలో మూడుసార్లు చూపించింది. పెనుకొండ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా రామాంజినమ్మ అంగళ్ళ బోర్డుల మీది అక్షరాలు పైకి చదువుకుంటూ పోయింది. బడికి పోని మనిషి ఆమె. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. భయం వేసినప్పుడల్లా కనబడింది చదువుతుంది. 'సిమెంటు, కమ్మీలు', 'రూములు అద్దెకు ఇవ్వబడును', మళ్ళీ 'రూములు అద్దెకు ఇవ్వబడును'.

ఇల్లు లేని స్థలంలోకి నడిచేటప్పుడు కాళ్ళు అలవాటుగా ఉత్తరం వైపు తిరిగాయి. అక్కడ జేసీబీ తవ్విన గుంత ఖాళీగా ఉంది. తూర్పున రేకుల షెడ్డు. షెడ్డు ముందర మూడు రాళ్ళ పొయ్యి. కృష్ణమ్మ రెండు కాళ్ళ మధ్య కుండను ఇరికించుకుని, తెడ్డుతో సంగటి గెలుకుతోంది. అరవై ఐదు దాటిన మనిషి. చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి.

"రాక్కా, రామాంజినమ్మక్కా! ఎన్నేండ్లాయె చూసి. కూచో, ముద్ద తిందువు."

"కృష్ణమ్మా, నువ్వు కొంచెం ఇటు పక్కకు రా."

"కుండ వదిలిపెట్టి యాడికొస్తునక్కా? గడ్డలు కడతాది."

ఆనంద్ మోటారుసైకిలు దిగి వచ్చాడు. "లారీ రోడ్డెక్కింది అత్తా. గంటలో ఈడుంటాది. వచ్చినావు గదా, పూజకు టెంకాయ నువ్వే కొట్టు."

రామాంజినమ్మ ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి వనిత ముఖం కనబడింది. 

"అవ్వా, కెమెరా తొట్టి దిక్కు పెట్టు. తిమ్మరాజన్నా, టేపు ఉందా? తొట్టి కాడి నుంచి దక్షిణానికి నాలుగు మీటర్లు. ఆడ పాత వాకిలి. ఆడి నుంచి నేరుగా తూర్పుకు ఎనిమిది."

మేస్త్రీ తిమ్మరాజుకు పాతికేళ్ళుంటాయి. ఆనంద్ వైపు చూశాడు. "కొలిస్తే పోయేదేముందన్నా?" అని టేపు లాగాడు. ఎనిమిదో మీటరు షెడ్డు లోపల పడింది, వాళ్ళు పడుకునే చాపల కింద. చాపలు తీసి గడ్డపారతో పొడిచాడు. ఒకటి, రెండు. ఇంకొంచెం ఇవతల మూడోసారి పొడిస్తే పార ఎగిరింది. రాతి చప్పుడు. దాని వెనకే కింద ఖాళీగా ఉన్నట్టు బోలు మోత.

తిమ్మరాజు చాపల వైపు చూసి, మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. 

ఆనంద్ ఫోన్ తీసి, లారీని రోడ్డు మీదే ఆపమని చెప్పాడు. అత్తను చూసి తల గోక్కున్నాడు. రేకులు విప్పించాడు. మట్టి తీయించాడు. మూరెడు లోతులో నల్ల బండ బయటపడేసరికి అతని ముఖం మారిపోయింది. 

"ఎవరూ ఫోన్లు తీయొద్దబ్బా. ఇన్నేండ్లు మూసిన పాతర. లోపల ఏముండాదో మనం చూసినాకే ఎవరికైనా చెప్పేది."

"ఏముంటాదన్నా, జొన్న పొట్టు," అన్నాడు ఒక కూలీ.

"రాజులు ఏలిన పెనుకొండ సీమలో పొట్టే ఉంటాదని ఎవరు చెప్పినారు నీకు?"

పారలు వేసి బండను మూరెడు జరిపారు. ముక్కు పుటాలను పట్టుకునే కుళ్ళు వాసన వచ్చి, మెల్లగా పోయింది. ఆనంద్ తన ఫోన్ లైటు వెలిగించి, ప్లాస్టిక్ సంచిలో వేసి, దారం కట్టి దింపాడు. అంతా చుట్టూ వంగి చూశారు. అడుగున తెల్లటి వెలుతురు. ఆ వెలుతురులో గుండ్రంగా ఏదో సగం మట్టిలో.

"కుండ! కుండన్నా అది," అన్నాడు తిమ్మరాజు.

"లైటు చక్కగా వెలుగుతాండాది. భయంల్యా. దిగు. ఐదు నిమిషాల పని."

తిమ్మరాజు చొక్కా విప్పి నడుముకు మోకు కట్టుకున్నాడు. రామాంజినమ్మ వచ్చి ఆ మోకును పట్టుకుంది.

"ఆ లైటుకు గాలితో పనిల్యా నాయనా. అది నీళ్ళలో కూడా వెలుగుతాది. దీపం దింపాల. నూనె దీపం."

"అవ్వా, అదంతా పాతకాలం," అన్నాడు ఒకడు.

ఆమె వినలేదు. కృష్ణమ్మ పొయ్యి దగ్గరికి పోయి నూనె సీసా అడిగింది. కొంగు అంచు చింపి వత్తి చేసింది. మూత లేని డబ్బాలో నూనె పోసి, వత్తి తడిపి వెలిగించి, తీగ కట్టి, పాతర అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. ఎండ వీపు మీద పడుతోంది. డబ్బాను నింపాదిగా దింపింది. ఒక మూర. మంట సన్నబడింది. రెండు మూరలు. మంట నీలంగా మారి, వత్తి మీది నుంచి లేచి, పోయింది. కింద ఫోన్ లైటు అట్లాగే తెల్లగా వెలుగుతోంది.

"గాలికి ఆరింది," అన్నాడు ఆనంద్. "దిగు తిమ్మరాజూ."

"గాలి కాదు," అంది రామాంజినమ్మ. అంచున కూర్చునే, లేవకుండా చెప్పింది. "ఆ పొద్దు నేనూ అదే చెప్పినా."

ఆనంద్ చెయ్యి మోకు మీద ఆగింది.

"మా నాయన దీపం నా చేతికిచ్చి దింపమన్న్యాడు. దింపితి. ఆరిపాయ. మళ్ళీ వెలిగించి దింపాల్సింది. బండ్లు నిలబడుండాయి, ఆలస్యమయితే నాయన తిడతాడని, గాలికి ఆరింది నాయనా అంటి. ఓబుళేసు నా మొగం చూసి నవ్వి దిగినాడు. దొంగతనానికి దిగలా. మేం దిగమంటే దిగినాడు. దొంగని పోలీసులతో చెప్పింది మా నాయన. ఔనా పాపా అని వాళ్ళు నన్నడిగిరి. ఔనంటి."

తిమ్మరాజు నడుము దగ్గర ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. చేతులు ఆడక పళ్ళతో లాగాడు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరు కూలీలు బండను వెనక్కి నెట్టారు. ఆనంద్ ఫోన్ లోపలే ఉండిపోయింది. 

పొయ్యి మీది ఇంకో కుండలో సంగటి మాడిన వాసన వచ్చింది. కృష్ణమ్మ తెడ్డు పట్టుకుని షెడ్డు లేని చోట నిలబడి ఉంది.

"ఎంత దిగినాక ఆరిపాయ?" అంది.

"రెండు మూరలు."

"రెండు మూరలే." కృష్ణమ్మ తెడ్డుకు అంటిన పిండిని వేలితో గీకి కింద పడేసింది. "మా యమ్మను ఎవురూ కూలికి పిలవలా. దొంగోని పెండ్లామని. నన్ను ఎంటబెట్టుకుని ముదిగుబ్బ దాకా పోయి పరాయోళ్ళ గొర్లు కాసింది. సచ్చేటప్పుడు కూడా అడిగింది, మీ నాయన అట్లా చేసింటాడా అని. నేనేం చెప్దును? నాయన పోయినప్పుడు నాకు ఆరేండ్లు." తెడ్డు కుండ మీద అడ్డంగా పెట్టింది. "ఈ మాట నాకొక్కదానికి చెప్తే సాలదక్కా. మా ఈదిలో చెప్పు. రా."

ఆనంద్ ముందుకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "అత్తా, వద్దు. నా మాటిను. ఇల్లంటూ ఒక మర్యాదుండాది. పోయినోళ్ళు పోయినారు. నేను బండి మీద పెనుకొండలో దింపుతా, బస్సెక్కు."

రామాంజినమ్మ నేల మీద చెయ్యానించి, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు లేపి నిలబడింది. ఎవరూ సాయం రాలేదు. చేతిలో ఫోన్లో వనిత ఇంకా, "అవ్వా? అవ్వా, ఏమీ కనపడడంలేదు. ఏమైంది?" అంటోంది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా కాలేదు పాపా," అంది.

కృష్ణమ్మ అప్పటికే నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు, అడుగు తగ్గించలేదు. రామాంజినమ్మ మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఆమె వెంటే నడిచింది. వీధి మొదట్లో, తొలి ఇంటి ముందు కృష్ణమ్మ ఆగింది. లోపలున్నవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి బయటికి పిలవడం మొదలుపెట్టింది.